పాలడబ్బా పేరు

ఆ డబ్బా ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది. అటక మీద కాదు, పొయ్యి పక్కనే. అందులో ఉప్పు పోసుకుంటాం. పైన వేసిన రంగు చాలావరకు పోయింది. దొరసాని చంకలో బొద్దుగా ఒక పిల్ల బొమ్మ ఉండేది, ఇప్పుడు దాని రెండు చేతులే మిగిలాయి. పేరు రాసిన ఎర్ర అక్షరాలు మాత్రం పట్టి చూస్తే కనిపిస్తాయి. ఆ పేరును ఎలా పలకాలన్నది ఇన్నేళ్లయినా తేలలేదు. తేల్చేద్దామని కూర్చున్న వాళ్లలో ఇద్దరు కాలం చేశారు, ఇంకొకాయన బదిలీ మీద ఎటో వెళ్లిపోయాడు.

బస్తరు రాజుల ఏలుబడి నాటి మాట ఇది. ఎక్కడో జర్మనీ యుద్ధం జరుగుతోందని, అందుకే కిరసనాయిలు దొరకడం లేదని అనుకునేవాళ్లం. మా ఊరు శబరి ఒడ్డున, కుంట అనే పేటకు ఆమడ దూరం. ఏటికి ఇవతల రాజు గారి భూమి, అవతల ఇంగ్లీషు వాళ్ల భూమి. మా అత్తగారి వాళ్లు భద్రాచలం వైపు నుంచి ఏరు దాటి వచ్చి ఇక్కడ పొలం కొట్టుకున్నారు. ఇంట్లో మా అత్త సోమక్క, మా ఇంటాయన, నేను, మా మరిది రాఘవులు, అతని భార్య దుర్గమ్మ. అయిదుగురం, ఒకటే పొయ్యి.

మా ఇంటాయన పేరు నేను చెప్పను. ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. మా కాలంలో మొగుడి పేరు పెళ్లాం గానీ, పెళ్లాం పేరు మొగుడు గానీ నోట పలికేవాళ్లు కాదు. ఆయుష్షు తగ్గుతుందనేవాళ్లు. నేను "ఇగో, నిన్నే" అని గడిపేశాను. రాఘవులుకు అదీ సిగ్గే. భార్యను పిలవాలంటే దగ్గేవాడు. దొడ్లో నుంచి చిన్నగా రెండు దగ్గులు వినిపిస్తే చాలు, దుర్గమ్మ చేతిలో చేట అక్కడే వదిలేసి లేచేది.

"ఒరేయ్ చిన్నోడా, ఆ దగ్గుకు మందన్న తాగు, లేకపోతే నోరన్న తెరువు" అని మా అత్త ఏడిపించేది. రాఘవులు చెవులు ఎర్రబడేవి. దుర్గమ్మ నా వెనక్కి చేరి నవ్వుకునేది. నాలుగేళ్లు అలాగే కాపురం చేశారు.

ఆ ఏడు ఇప్పపూలు రాలడం మొదలైన వారంలో దుర్గమ్మ ఆడపిల్లను కన్నది. ఏడో రోజుకు జ్వరం తగిలి పోయింది. దాని గురించి నేను ఎక్కువ చెప్పలేను. తోడికోడళ్లం అనే మాటే గానీ మేం అలా ఉండలేదు. పెళ్లయి ఎనిమిదేళ్లయినా నా కడుపు పండలేదని ఊరంతా దెప్పుతుంటే, దెప్పనిది ఆ పిల్ల ఒక్కతే. పోయే రోజు పొద్దున బిడ్డను నా ఒళ్లో పెట్టి, "దీనికి పాలు పట్టక్కా" అంది. "పడతలే, నువ్వు పడుకో" అన్నాను. మా ఇద్దరి మధ్య అదే చివరి మాట.

పురిట్లో పోయిన మనిషి బిడ్డ మీది ప్రాణం వదలక ఇంటి చుట్టే తిరుగుతుందని మా అత్త నమ్మకం. దినాలు కాగానే అందరినీ కూర్చోబెట్టి గట్టిగా చెప్పింది.

"వానలు పడేదాక ఆ పేరు ఈ ఇంట్ల ఎవ్వలు ఎత్తొద్దు. ఎత్తితే పిలిచినట్టే. వచ్చి బిడ్డను తోలుకపోతది."

ఎవ్వరమూ ఎత్తలేదు. దండెం మీద దుర్గమ్మ చీర ఆరుతూనే ఉంది, దాన్ని తియ్యడానికి కూడా ఎవరికీ చేతులు రాలేదు. బిడ్డకూ పేరు లేదు. ఇరవై ఒకటో రోజు తొట్టెలలో వేసి పేరు పెట్టాలి. ఆ రోజు వచ్చింది, పోయింది. అందరం "పిల్ల", "పిల్ల" అనే పిలిచాం.

ఆ పిల్ల తాగదు. అదీ మా ఎండాకాలం.

మొదట మా ఆవు పాలు పట్టాం. కక్కేసింది. నీళ్లు కలిపి పట్టాం, అప్పుడూ అంతే. మేక పాలు తెస్తే విరేచనాలు పట్టుకున్నాయి. తల్లి పోయిన పన్నెండో రోజుకు పిల్ల ముఖం ముసలమ్మ ముఖంలా ముడతలు పడింది. రాఘవులు చీకటితోనే లేచి కుంటకు నడిచి వెళ్లి, దవాఖానాలో కాంపౌండరును అడిగి, ఆయన చెప్పిన దుకాణంలో పాలపొడి డబ్బా తీసుకుని, పొద్దుగూకక ముందే తిరిగొచ్చాడు. తలగుడ్డలో చుట్టి, ఎండ తగలకుండా రొమ్ముకు హత్తుకుని తెచ్చాడు.

"పల్చగ కలపాల్నంట వదినా. గోరువెచ్చగ పట్టాల్నంట" అన్నాడు నెమ్మదిగా.

ఆ మాట నేను సరిగా వినలేదు. వాకిట్లో అప్పటికే గోల మొదలైంది.

డబ్బా మాకు కొత్త కాదు. ఆ మాటకొస్తే కుంట దారిలో తాసీల్దారు ఇంటి నుంచి తలారి ఇంటి దాకా అలాంటి ఖాళీ డబ్బా లేని ఇల్లు లేదు. బియ్యం కొలిచేది దానితో, ఆముదం పోసుకునేది దానిలో. దొరల బంగళాల్లో పిల్లలంతా ఆ పాలే తాగుతారట. కాబట్టి దాని పేరు మీద ప్రతివాడికీ ఒక అభిప్రాయం ఉంది. ఆ సాయంత్రం మా పందిరి కింద ముగ్గురు చేరారు: మా ఇంటాయన, పట్వారీ రామనర్సయ్య, అడవి శాఖ నాకా దగ్గర కాపలా ఉండే నాకెదారు. నాకెదారు జగదల్‌పూర్ మనిషి, హిందీ మాట్లాడేవాడు, మాతో ఉండి ఉండి మా మాట కలిపేవాడు.

"డెన్వా డబ్బా తెచ్చినవా? మంచి పని చేసినవ్ తమ్ముడూ" అన్నాడు మా ఇంటాయన.

"డెన్వా కాదయ్యా" అన్నాడు పట్వారీ, కళ్లజోడు తుడుచుకుంటూ. "డెన్వాఫ్."

"ఫ ఏంది? నేను తెప్పలు కట్టుకొని రాజమండ్రి దాక పోయినోణ్ని. కర్ర డిపో దొరసాని నోట నా చెవులార విన్న. డెన్వా అన్నది. అంతే."

"మరి వెనక ఇన్ని అక్షరాలున్నయి గదా?"

"అవి ఉత్తగ ఉంటయి. పలకరు."

"ఉత్తగ ఎందుకు రాస్తరయ్యా? అచ్చు గుద్దేటోనికి పని లేకనా? నేను జగదల్‌పూర్ల ఇంగ్లీషు మూడో తరగతి చదివిన. ఆఖరుకు ఆ రెండక్షరాలు వచ్చినయంటే ఫ అనాలె."

నాకెదారు డబ్బా తీసుకుని దూరంగా పట్టుకుని చూశాడు. "అరే భాయ్, మీ ఇద్దరిదీ గలత్. డెన్‌బాఘ్. బాఘ్ అంటే పులి గదా. తాగినోడికి పులి తాకత్ వస్తదని ఆ పేరు పెట్టిండ్రు."

"పులి బొమ్మ ఏదయ్యా మరి? పిల్ల బొమ్మ ఉంది" అన్నాడు పట్వారీ.

"పులి లెక్క అయిన పిల్లనే అది. దాని జబ్బలు చూడు!"

నేను పిల్లను భుజాన వేసుకుని గడపలో నిలబడి ఉన్నాను. పిల్ల ఏడుపు పిల్లికూన ఏడుపంత కూడా లేదు. పొయ్యి మీద నీళ్లు కాగిపోతున్నాయి. ముగ్గురు మొగవాళ్ల చేతుల్లో డబ్బా తిరుగుతోంది గానీ మూత ఎవరూ తియ్యడం లేదు.

"దాని పేరు ఏదన్న గానీ, డబ్బా ఇస్తరా ఇటు?" అన్నాను. నా గొంతు కొంచెం గట్టిగానే వచ్చినట్టుంది. పట్వారీ ఉలిక్కిపడి చేతికిచ్చాడు.

మా అత్తే కలిపింది. పల్చటి పాలతో బలమెక్కడ వస్తుందని నాలుగు గరిటెలు ఎక్కువే వేసింది. చల్లటి పాలు పట్టిస్తే పడిశం పడుతుందని పొగలు పోతుండగానే ఉగ్గుగిన్నెతో పోసింది. పిల్ల రెండు గుక్కలు మింగి, మూడోది ఉమ్మి, పెదాలు బిగించింది. "మెల్లగ అలవాటైతది" అంది మా అత్త. రాఘవులు గుంజకు ఆనుకుని చూస్తూ నిలబడ్డాడు. మరోసారి ఏదో చెప్పబోయి మానుకున్నాడు. ఆ మనిషి మాట ఎప్పుడూ అంతే, అవతలి వాళ్ల మాట అయ్యాక మొదలవుతుంది, అవతలి వాళ్ల మాట ఎప్పుడూ అవ్వదు.

తర్వాత మూడు వారాలు అలాగే గడిచాయి. పొద్దున్నే ఇప్పపూలు ఏరుకొచ్చి వాకిట్లో చాపల మీద ఎండబెట్టేవాళ్లం. ఆ మత్తు వాసన ఇల్లంతా పట్టేది. అందులోనే డబ్బాపాల వాసన. పూటకు పది చెంచాలు పడితే నాలుగు లోపలికి పోయేవి. నేను లెక్కపెట్టుకునేదాన్ని. నాలుగు కాస్తా మూడయిన రోజు నాకు అన్నం దిగేది కాదు. ఆ పిల్ల బతకాలి. ఆ ఎండాకాలం నాకు ఇంకో కోరిక లేదు. నా కడుపున పుట్టలేదనే మాట నాకు ఒక్కసారీ గుర్తు రాలేదు.

పందిరి కింద పంచాయితీ మాత్రం నిత్యం జరిగేది. పట్వారీకి మా ఊళ్లో కొలిచే భూమి ఏమీ లేకపోయినా రోజు మార్చి రోజు వచ్చేవాడు. నాకెదారు అడవి సంగతి అడవికి వదిలేసి వచ్చేవాడు. సంతకు పోయేవాళ్లు మా తడిక దగ్గర ఆగి, "ఏమైందన్నా, వా నా, ఫా నా?" అని అడిగి పోయేవాళ్లు. కుంటలో ఉప్పు దుకాణం దగ్గర కూడా రెండు జట్లయ్యాయట. ఎవరో బెజవాడ వెళ్తుంటే అక్కడ కనుక్కురమ్మని మా ఇంటాయన చెప్పి పంపాడు. ఆ మనిషి తిరిగొచ్చి ఇంకో కొత్త మాట చెప్పాడు, దాన్ని ముగ్గురూ కలిసి కొట్టిపారేశారు. ముగ్గురూ ఒక్కమాట మీద నిలబడింది ఆ ఒక్కరోజే.

నేను కోప్పడేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే అంత కోపం రాదు. తొట్టెల వైపు చూడలేకపోతే మొగవాళ్లు ఇంకెటు చూస్తారు? ఆ డబ్బా ఒకటి వాళ్లకు దొరికింది. రాఘవులు మాత్రం ఆ గోలలో ఒక్క మాట కలపలేదు. ఏటి గట్టున తుమ్మ మొద్దులు నరికేవాడు, వచ్చేవాడు, పిల్ల ముఖం చూసేవాడు, మళ్లీ వెళ్లేవాడు. దగ్గడం కూడా మానేశాడు.

వాగు అవతలి దొర్ల కోయవాళ్ల గూడెం నుంచి ఆయతి అని ఒకామె వచ్చేది. నా ఈడుదే. ఎండిన ఇప్పపూలు బుట్టెడు తెచ్చి ఇచ్చి ఉప్పు తీసుకుపోయేది. దుర్గమ్మ అంటే ఆమెకు ప్రాణం. వచ్చినప్పుడల్లా దండెం మీది చీర వైపు చూసేది. ఒకరోజు నా ఒళ్లో పిల్లను చూసి, వేలితో దాని పాదం గీకింది.

"ఏం పేరక్కా?"

"పెట్టలేదు."

ఆయతి నా ముఖంలోకి చూసింది. ఇంకేదో అడగబోయింది. లోపలి నుంచి మా అత్త పిలిచేసరికి ఉప్పు మూట కట్టుకుని వెళ్లిపోయింది.

ఆ తర్వాత నాలుగు రోజులకు పిల్ల పూర్తిగా తాగడం మానేసింది. పొద్దున ఒక చెంచా, అదీ బయటికే. ఏడవడానికి కూడా ఓపిక లేక మూలుగుతోంది. మధ్యాహ్నం దాకా మా అత్త దాన్ని ఒళ్లో వేసుకుని గోడ వైపు చూస్తూ కూర్చుంది. అప్పుడు ఆమెకు ఒక సంగతి తట్టింది.

మా అత్తకు తేలు మంత్రం వచ్చు. చుట్టుపక్కల ఎవరికి తేలు కుట్టినా ఆమె దగ్గరికే వచ్చేవాళ్లు. ఆ మంత్రం నాకు నేర్పమంటే, "నీకు నోరు తిరగదు, ఒక్క మాట తప్పితే విసం దిగదు" అని ఎనిమిదేళ్లుగా నేర్పలేదు. ఆ లెక్కే ఇక్కడికి తెచ్చింది.

"పేరు తెల్వని పాలు ఒంటికి ఎట్ల పడతయే?" అంది నాతో. "ఇన్ని దినాల బట్టి తలా ఒక తీరు పిలవబడ్తిరి. తప్పు పేరుతోటి పిలిస్తే దేవుడే పలకడు, పాలు పలుకుతయా? పెద్దోడా! పోయి ఆ ఇద్దర్ని పిలుచుకరా. ఇయ్యాల తేలిపోవాలె."

నవ్వు వచ్చిందా అంటే, అప్పుడు రాలేదు. బిడ్డ చేతుల్లోంచి జారిపోతున్నప్పుడు ఎవరేం చెప్పినా చేస్తాం. నేనే పరుగెత్తి వాకిలి అలికాను.

పొద్దు వాలుతుండగా అందరూ చేరారు. మా అత్త పిల్లకు ఒళ్లు తుడిచి, బొట్టు పెట్టి, తూర్పు ముఖంగా పీట వేసుకుని కూర్చుంది. పక్కన దీపం. నా చేతిలో పాలగిన్నె. డబ్బాలో పొడి అడుగంటింది, అందుకని ఆ పూట పాలు నీళ్లలాగే ఉన్నాయి. మొగవాళ్లు ముగ్గురూ వరుసగా నిలబడ్డారు. నాకెదారు టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. రాఘవులు గుంజ దగ్గరే ఉన్నాడు.

"ఒక్కొక్కలు రాండ్రి. పిల్ల చెవిల పడేటట్టు చెప్పాలె. నవ్వొద్దు."

మా ఇంటాయన వంగి, "డెన్వా" అన్నాడు. దేవుడి ముందు నిలబడ్డట్టు చేతులు కట్టుకున్నాడు. నేను ఉగ్గుగిన్నె పెదాలకు ఆనించాను. పిల్ల ముఖం తిప్పేసింది.

పట్వారీ కళ్లజోడు సర్దుకున్నాడు. "డెన్వాఫ్." పాలు గదవ మీదుగా కారిపోయాయి.

"జర గట్టిగ చెప్పు" అన్నాడు మా ఇంటాయన, పోటీవాడన్న సంగతి మరిచిపోయి.

"డెన్వాఫ్!" పిల్ల ఉలిక్కిపడి ఏడుపందుకుంది.

నాకెదారు మోకాళ్ల మీద కూర్చున్నాడు. అంత పెద్ద మీసాల మనిషి, చాలా మెత్తగా, "డెన్‌బాఘ్, బేటీ, డెన్‌బాఘ్" అన్నాడు. అతనికి జగదల్‌పూర్‌లో ఇద్దరు ఆడపిల్లలున్నారని ఆ రోజే తెలిసింది. పిల్ల పెదాలు విప్పలేదు. మళ్లీ మొదటి నుంచి అందరూ చెప్పారు. వరుస మార్చి చెప్పారు. మా అత్త నుదుటి మీద చెమట పట్టింది. నా చేతిలో గిన్నె చల్లారిపోయింది.

అప్పుడు తడిక దగ్గర ఎవరో నవ్వారు. ఆయతి. తల మీద పూల బుట్ట అలాగే ఉంది.

"ఏం చేస్తున్నరవ్వా?"

మా అత్త ఉన్న సంగతి చెప్పింది. ఆయతి బుట్ట దించి లోపలికి వచ్చింది. ఈసారి నవ్వలేదు.

"డబ్బాకు పేరెందుకవ్వా? డబ్బా ఏడుస్తందా? ఏడిచేది పిల్ల గదా."

నాకెదారు టోపీ పీట దగ్గర పెట్టి కింద కూర్చున్నాడు.

"మా దాంట్ల పిల్ల పాలు పట్టకపోతే పేరు కోసం ఏడుస్తందంటం" అంది ఆయతి. "ఇంట్ల పోయినోళ్లే ఎవరో ఒకరు మళ్ల వస్తరు. వచ్చినోళ్లను పేరు పెట్టి పిలవకపోతే ఎట్ల తాగుతరు? పరాయి ఇంట్ల కూసున్నట్టుంటది. పాలు నోటికాడ పెట్టి పెద్దోళ్ల పేర్లు చెప్పుకుంట పోతం. ఎవరి పేరుకు పడితే వాళ్లు వచ్చినట్టు."

"అది మీ ఆచారమే. మాకు లేదు" అంది మా అత్త.

"లేకపోతే లేదు. పిల్లను చూడు మరి."

మా అత్త పిల్లను చూసింది. చాలాసేపు చూసి, "చెప్పుండ్రి" అంది.

ఆయతి నా పక్కన చతికిలబడి ఉగ్గుగిన్నె నా చేతిలోంచి తీసేసింది. తన కొంగు కొసను పీలికగా చింపి పాలలో ముంచి, ఆ పీలికను పిల్ల పెదాల మధ్య పెట్టింది. "ఇగ చెప్పు" అంది.

మా మామ పేరు మా అత్త చెప్పకూడదు. మా ఇంటాయన చెప్పాడు, "వీరయ్య." పిల్ల పీలికను నాలుకతో నెట్టేసింది. మా అత్త తన అత్త పేరు చెప్పింది, "బుచ్చమ్మ." లేదు. "లచ్చుమక్క." లేదు. ఏరు దాటొచ్చిన ముత్తాత పేరు చెప్పింది, చిన్నప్పుడే పోయిన తన బిడ్డ పేరు చెప్పింది. ఆ బిడ్డ సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. పిల్ల ఏడుస్తూనే ఉంది.

"ఇంకెవరు లేరా?" అంది ఆయతి.

ఎవరున్నారో అందరికీ తెలుసు. మా ఇంటాయన నేల చూశాడు. పట్వారీ డబ్బాను చేతుల్లో అటూ ఇటూ తిప్పాడు. నా నోటి చివరి దాకా వచ్చింది. కానీ మా అత్త పెట్టిన కట్టు ఒకటి, భయం ఒకటి. పిలిస్తే వచ్చి తోలుకుపోతుందేమోనని నాకూ భయమే. ఆయతి ఇంకెవరి వైపూ చూడకుండా రాఘవులు వైపు చూసింది. మేమంతా కూడా అటే చూశాం.

రాఘవులు గుంజ వదిలి వచ్చాడు. పిల్ల ముందు గొంతుక్కూర్చున్నాడు. నోరు తెరిచాడు, మాట రాలేదు. నాలుగేళ్ల అలవాటు ఎక్కడికి పోతుంది? చిన్నగా రెండు దగ్గులు దగ్గాడు.

పిల్ల ఏడుపు ఆపింది.

తొమ్మిది నెలలు ఆ దగ్గు వినే కదా అది ఆమె కడుపులో పెరిగింది. దండెం మీది చీర వైపు చూసే ధైర్యం నాకు లేకపోయింది.

"దుర్గమ్మ" అన్నాడు రాఘవులు.

అతని నోట ఆ పేరు మేమెవరమూ ఎప్పుడూ వినలేదు. ఆమె కూడా వినలేదు. రెండోసారి కొంచెం గట్టిగా, మనిషి ఎదురుగా ఉన్నట్టే అన్నాడు, "దుర్గమ్మా."

పిల్ల పెదాలు కదిలాయి. పీలికను పట్టుకుంది. ఆయతి దాన్ని మళ్లీ ముంచి పెట్టింది, మళ్లీ పట్టుకుంది. చప్పరించే చప్పుడు వాకిలంతా వినిపించింది. గిన్నె ఖాళీ అయ్యేదాకా ఎవరమూ కదల్లేదు. మా అత్త కట్టు తప్పినందుకు కోప్పడుతుందనుకున్నాను. ఆమె పిల్ల తల నిమురుతూ, "మెల్లగ తాగే, ఎక్కిళ్లొస్తయి" అంది. దుర్గమ్మ పొలం నుంచి వచ్చి చెంబు ఎత్తి గటగటా నీళ్లు తాగుతుంటే ఆమెతో రోజూ అనే మాట అదే. అని, కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. మొగవాళ్లు ముగ్గురూ చెప్పా పెట్టకుండా తడిక దాటి బయటికి వెళ్లారు. నాకెదారు టోపీ మా పీట దగ్గరే మరిచిపోయాడు.

మరునాడు దండెం మీది చీర నేనే తీసి మడత పెట్టాను. అందులోనే పిల్లను చుట్టుకుని పడుకోబెట్టాను.

తర్వాత కుంట కాంపౌండరుకు ఈ కథంతా మా ఇంటాయన చెబితే ఆయన పెద్దగా నవ్వాడట. పేరూ లేదు, ఊరూ లేదు, పాలు పల్చబడ్డాయి, చల్లారాయి, ఉగ్గుగిన్నె పోయి చప్పరించడానికి పీలిక దొరికింది, అందుకే తాగిందన్నాడట. అంటాడు. చదువుకున్నవాడు. ఆయన మాట ప్రకారమే ఆ తర్వాత పల్చగా కలిపి చల్లార్చే పట్టాను. ఆయతి మాట ప్రకారం పట్టే ముందు ప్రతిసారీ పేరు పెట్టి పిలిచాను. రెండింటిలో దేన్నీ వదులుకునే ధైర్యం నాకు లేదు. తొలకరి పడేనాటికి పిల్లకు బుగ్గలు వచ్చాయి. రాఘవులు ఇంకో రెండు డబ్బాలు మోసుకొచ్చాడు. పందిరి కింద వా, ఫా, బాఘ్ మళ్లీ మొదలయ్యాయి. ఈసారి నేనే వాళ్లకు చల్ల పోసి కూర్చోబెట్టాను.

దుర్గ పెద్దదయింది. రాజుల కాలం పోయాక కుంటలో బడికి వెళ్లి నాలుగు ఇంగ్లీషు ముక్కలు నేర్చుకుంది. ఒకరోజు ఈ ఉప్పు డబ్బా చేత్తో పట్టుకుని ఎర్ర అక్షరాలు చదివి, అంతవరకు ఎవరూ చెప్పని ఇంకో తీరులో పలికింది. మా ఇంటాయన, పట్వారీ ఇద్దరూ ఒప్పుకోలేదు. రాఘవులు మాత్రం తలెత్తి, "అది చెప్పిందే ఖాయం" అన్నాడు. ఆ డబ్బా మీద అతను మాట్లాడింది ఆ ఒక్కసారే.

అతను మళ్లీ పెళ్లి చేసుకోలేదు. ఎవరైనా ఆ మాట ఎత్తితే పొలానికి వెళ్లిపోయేవాడు. దగ్గడం మాత్రం ఆ సాయంత్రంతో పోయింది. పొద్దున లేస్తే "దుర్గమ్మా, నీళ్లు" అనేవాడు. ఏటి గట్టు నుంచి "దుర్గమ్మా" అని కేకేసేవాడు. చెప్పు కనపడకపోయినా, ఆకాశంలో మబ్బు పట్టినా, ఏమీ లేకపోయినా ఆ పేరే. "ఎందుకు నాయినా ఊరికే పిలుస్తవ్?" అని పిల్ల విసుక్కునేది.

"ఊరికేనే" అనేవాడు రాఘవులు. కాసేపు ఆగి మళ్లీ పిలిచేవాడు. పొయ్యి దగ్గర కూర్చుని నేను వింటూ ఉండేదాన్ని. వినాల్సిన మనిషి వింటుందో లేదో నాకు తెలియదు గానీ, నాలుగేళ్లు దాచుకున్న పిలుపులన్నీ అతను రోజుకు కొన్ని చొప్పున తీర్చుకుంటున్నట్టే ఉండేది.